జర ఆగుండ్రి: ఒక మాట వెంట కాటారం దాకా

కాటారం వెళ్ళొచ్చానంటే మా ఉప్పల్ గల్లీలో ఎవరూ నమ్మలేదు. మేడారం జాతర కూడా లేని రోజుల్లో అటువైపు నీకేం పని అని కూరగాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచి మందుల షాపతని దాకా అందరూ అడిగారు. ఒక మాటను చూడటానికి పోయానని చెబితే, ఎండదెబ్బ తగిలినదాన్ని చూసినట్టు చూశారు. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే ఓపిక లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు మా అక్క సునంద సంగతి చెప్పాలి. మా ఇద్దరికీ ఉప్పల్‌లో పాత కంప్యూటర్ల షాపు. ఆఫీసులు పారేసిన డబ్బాలు తెచ్చి, దులిపి, వాటిలో లినక్స్ వేసి, తెర మీద అంతా తెలుగులో కనబడేట్టు చేసి ఇచ్చేవాళ్ళం. లినక్స్ అంటే ఏ ఒక్కరి సొత్తూ కాని సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. పైగా మనం ఏం రాస్తున్నామో, ఏం వెతుకుతున్నామో ఎవరికీ మోసి చెప్పదు. అక్కకు ఆ చివరి గుణమే ప్రాణం. మన ఇంట్లో సంగతులు మన గడప దాటొద్దు అనేది ఆమె పట్టు.

కంప్యూటరు తెరుచుకునేటప్పుడు తెర మీద 'దయచేసి వేచి ఉండండి' అని వచ్చేది. అక్కకు అది చూస్తే ఒళ్ళు మంట. ఇంట్లో ఎవరైనా ఇట్లా మాట్లాడతారా, బస్టాండు మైకు మాట్లాడినట్టుంది అని దాన్ని తీసేసి 'జర ఆగుండ్రి' అని పెట్టింది, కొంచెం ఆగండని మా ఇంటి మాటలో. సాఫ్ట్‌వేర్‌ను తెలుగు చేసే వాలంటీర్లకు అదే పంపింది. అందులో ఒక పెద్దమనిషి, కోస్తా వైపు ఆయన, చాలా మర్యాదగా జవాబు రాశాడు: "జర అంటే వార్ధక్యం కదమ్మా. ముసలితనాన్ని ఆగమంటున్నారా?" ఆయన వెటకారం చేయలేదు, నిజంగానే అడిగాడు. కానీ మా అక్క వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సినిమాల్లో మన మాటను రౌడీలకూ నౌకర్లకూ పెట్టి నవ్వింది చాలక ఇక్కడ కూడానా అని ఒకటే రంధి. చివరికి, ఎవరూ ఒప్పుకోకపోతే పోనీ అని, తన చేతులతో మోసుకెళ్ళి ఇచ్చిన మూడు కంప్యూటర్లలో మాత్రం ఆ మాట పెట్టింది. ఒకటి జనగామలో, ఒకటి డోర్నకల్‌లో, ఒకటి కాటారంలో. మా షాపు కంప్యూటరు మీద ఎప్పుడూ ఏవో ప్రయోగాలే, తుడిచి మళ్ళీ వేస్తూనే ఉంటాం కాబట్టి అందులో ఏదీ నిలవదు.

అక్క పోయి మూడేళ్ళయింది. ఫొటో దిగనిచ్చేది కాదు, ఏ యాప్‌లోనూ పేరు రాయనిచ్చేది కాదు. పదకొండో రోజు ఫ్లెక్సీకి ఫొటో కావాలంటే ఇల్లంతా వెతికి, ఆఖరికి ఆధార్ కార్డు బొమ్మ ఇచ్చాం. కార్డు ఎవరికీ ఊరికే ఇవ్వకండని ఊరూరా చెప్పిన మనిషి, ఆ కార్డు బొమ్మతోనే గోడకెక్కింది. ఆమె లాప్‌టాప్ తాళం మాట ఆమెతోనే పోయింది. అది తెరవడం ఎవరి వల్లా కాదు, కాకూడదనే ఆమె అట్లా పెట్టుకుంది. ఇంటర్నెట్‌లో ఆమె పేరు కొడితే వేరే సునందలు వస్తారు. నాకు ఒక్క గొంతు ముక్క కూడా మిగల్లేదు. ఏం మనిషివే నువ్వు అని ఎన్నోసార్లు తిట్టుకున్నాను.

ఈ ఎండాకాలం మొదట్లో కాటారం నుంచి సారక్క ఫోన్ చేసింది. అక్కడ జిరాక్స్ షాపు ఆమెది. కంప్యూటరు నడుస్తలేదక్కా, సర్కారు పేజీలు తెరుచుకుంటలేవు, లోపల టిక్కుటిక్కుమంటది, వచ్చి అంతా తీసేసి కొత్తది వేసిపో అంది. ఫోన్ పెట్టేశాకే తట్టింది. అంతా తీసేస్తే అక్క మాట కూడా పోతుంది. పైగా ఆ టిక్కుటిక్కు డిస్కు చివరి దశ చప్పుడు. వెంటనే బయల్దేరుదామంటే సారక్క తమ్ముడి పెండ్లంట, శుక్రవారం దాకా షాపు మూత. సరే, అప్పటిదాకా జనగామ, డోర్నకల్ చూసుకుంటూ పోదాం, ఎక్కడ ఆ మాట గట్టిగా ఉంటే అక్కడ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుందాం అనుకున్నాను. ఫోన్ చేసి కనుక్కోవచ్చు గదా అంటారు. నా కళ్ళతో చూడాలనిపించింది, అంతే.

జనగామ

పొద్దున రైలు దిగేసరికి స్టేషను బయట ఒక అవ్వ సర్వపిండి అమ్ముతోంది. ఇరవై రూపాయలకు అరచేయంత ముక్క, మీద నువ్వులు, పల్లీలు. మా సిద్దిపేట ఇంట్లో దీన్నే గిన్నప్ప అనేవాళ్ళం, మాకు ఉల్లిపొరక పడకపోతే ముద్ద దిగదు. ఇక్కడ వెల్లుల్లి ఎక్కువ. రెండు ముక్కలు తిని, అక్క ఉంటే ఇందులో ఉప్పు తక్కువనేది కదా అనుకున్నాను. నిజంగానే తక్కువ.

యాదగిరన్న షాపు బస్టాండు దగ్గర. జిరాక్స్, ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. నన్ను చూడగానే గుర్తుపట్టి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, చాయ్ చెప్పాడు. అక్క ఇచ్చిన కంప్యూటరు ఏదని అడిగితే తల గోక్కున్నాడు. కోతుల పనట. జనగామలో కోతులు షాపుల్లోకి మనుషుల్లాగే వచ్చిపోతాయి. ఒకటి వెనక కిటికీలోంచి దూరి, వైర్లు పట్టుకొని ఊగి, డబ్బాను కింద పడేసింది. పోయిన వానాకాలమే పాత సామాన్ల బండికి వేశాడు. నాకు చెప్పాలనుకున్నాడు గానీ, అక్క పోయిన బాధలో ఉన్నదానికి డబ్బా పోయిన సంగతి ఎందుకని ఊరుకున్నాడు. కోపమొచ్చింది, కానీ కోతి మీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం.

కాటారం షాపు తెరిచేది శుక్రవారమే, బస్సు మరునాడు ఎక్కినా చాలు. అక్కడే కూర్చున్నాను. పొద్దు గుంకుతుందనగా యాదగిరన్న హఠాత్తుగా లేచి, ముందు చీపురుతో షాపు ఊడ్చాడు. తర్వాత కొత్త కంప్యూటరు ముందు కూర్చొని, ఆ రోజు జనం ఇచ్చిన ఆధార్ కార్డులు, పాసుబుక్కులు, పెండ్లి పత్రికలు స్కాన్ చేసి పెట్టిన ఫోల్డరును మొత్తం తుడిచేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. అప్పుడు దీపం ముట్టించి ఊదుబత్తి పెట్టాడు. దీపం తర్వాత ఒకతను కార్డు స్కానింగుకు వస్తే, పొద్దున రమ్మని పంపించేశాడు. వచ్చిన బేరాన్ని పంపిస్తున్నాడేంటని నేను ముక్కున వేలేసుకున్నాను.

"జనాల కాగితాలు రాత్రి షాపుల ఉంచొద్దు, రోజూ ఊడ్సెయ్యిమన్నది అక్క," అన్నాడాయన. "దీపం పెట్టినంక ఊడ్వద్దు గద చెల్లె. లక్ష్మి పోతది. అందుకే దీపం పెట్టినంక కొత్త కాగితం ముట్ట."

అక్క 'ఊడ్చెయ్' అన్నది మాటవరసకు. ఈయన దాన్ని ఇల్లూడ్చే లెక్కలో కట్టాడు. పగలబడి నవ్వాను. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు తిరిగాయి, ఆయన చూసి ఊదుబత్తి పొగనుకొని దాన్ని పక్కకు జరిపాడు. ఇక్కడ అక్క అలవాటు ఉంది. మాట లేదు.

దేవరుప్పుల

తొర్రూరు మీదుగా మానుకోట పోయే బస్సు దేవరుప్పుల దాటుతూనే టైరు పేలింది. ఎండ పేలిపోతోంది. రోడ్డు పక్క తాటిచెట్ల కింద ఒక అవ్వ ముంజలు కొడుతుంటే అందరం అక్కడ చేరాం. డజను యాభై అంది. ఉప్పల్‌లో ఆ డబ్బుకు సగం కూడా రావు, వచ్చినవీ ముదిరిపోయి ఉంటాయి. ఇవి నోట్లో పెట్టగానే జారిపోయాయి.

అవ్వ చేతిలో టచ్ ఫోను. నేను కంప్యూటర్ల మనిషినని తెలిసి ఫోను నా ముందు పెట్టింది. మనుమరాలితో మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడితే చాలు, ఫోను తెరిస్తే మోకాళ్ళ నూనెల బొమ్మలే వస్తాయట. దీని లోపల ఎవరో కూర్చొని వింటున్నారని ఆమె గట్టి అనుమానం. చూస్తే టార్చిలైటు కోసం వేసుకున్న ఒక యాప్‌కు మైకు, ఫోన్ నంబర్లు, ఎక్కడున్నదీ అన్నీ తెలుసుకునే అనుమతి ఉంది. టార్చికి మైకెందుకు! దాన్ని పీకేసి, ఎవరైనా చదివి చూసుకోగలిగే సాఫ్ట్‌వేర్‌తో చేసిన చిన్న టార్చి వేశాను. అది వెలుగివ్వడం తప్ప ఇంకే పనీ చేయదు. నిజంగా లోపల ఎవరైనా విన్నారో లేదో నాకు తెలియదు, ఇక మీద ఆ టార్చి మాత్రం వినదని చెప్పాను. అవ్వ రెండు ముంజలు ఎక్కువ పెట్టింది.

ఎవలకోసం పోతున్నవ్ బిడ్డా అని అడిగింది. అక్క కోసం అన్నాను. నోరు జారింది.

"అక్క ఏ ఊళ్ళె ఉంటది?"

"కాటారంల," అన్నాను.

మంచిగ పోయిరా, ముంజలు కట్టిస్త అక్కకు అంది. వద్దనలేకపోయాను. ఆకులో చుట్టి ఇచ్చిన ముంజలు సంచిలో పెట్టుకొని బస్సెక్కాను. మానుకోట చేరేలోపు అవి పులిసి, సంచంతా నీళ్ళయి, నా పంజాబీ డ్రెస్సుకు కంపు పట్టింది.

మానుకోట

కాగితాల్లో మహబూబాబాద్, నోళ్ళలో మానుకోట. మిర్చి కాలం. ఊరికి ఇంకా దూరం ఉండగానే బస్సంతా తుమ్ములు మొదలైంది. కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు, వాటి మధ్య ముఖాలకు కొంగులు చుట్టుకొని ఏరుతున్న ఆడవాళ్ళు. మేం హైదరాబాదులో కిలోల లెక్కన కారం కొని ఘాటుందా లేదా అని అడుగుతాం. ఇక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగరు, ముక్కే చెబుతుంది.

లాడ్జిలో కౌంటరు దగ్గర కూర్చున్నతను ఆధార్ అడిగాడు. ఇచ్చాను. తన సొంత ఫోన్‌తో ఫొటో తీయబోయాడు. అక్క పూనిందో ఏమో, కార్డు లాక్కున్నాను. నీ ఫోనులో నా కార్డెందుకు, కావాలంటే నంబరు సగం కప్పిన కాపీ ఇస్తానన్నాను. అతనికి అర్థం కాలేదు, అందరూ ఇస్తరు గద మేడం అన్నాడు. వెనక లైనులో ఉన్న మిర్చి రైతులు విసుక్కున్నారు. గొడవ పడి గెలిచి పైకెళ్ళాను. మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది, ఇట్లాంటి గొడవలు అక్క పడితే నేను సిగ్గుతో దూరంగా నిలబడేదాన్ని. ఆమె ఎప్పుడూ లైనులో ముందుకు తోసుకుపోయే నన్ను చేయి పట్టి వెనక్కి లాగి 'జర ఆగు' అనేది. రోడ్డు దాటేటప్పుడూ అదే, వేడి చాయ్ నోట్లో పెట్టుకోబోతే అదే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను విన్న మాట అది. ఆ రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందు పెట్టుకొని చాలాసేపు తినలేకపోయాను.

డోర్నకల్

మానుకోట నుంచి డోర్నకల్ రైలులో దగ్గరే. పాత చర్చి, రైల్వే క్వార్టర్లు, ఎటు చూసినా పట్టాలు. ఇక్కడి జనం రైలు పేర్లు చెప్పి పొద్దు లెక్కపెడతారు. ఫలానా రైలు పోయింది, అన్నం వండాలి అంటారు.

శాంతిబాయిది పక్క తండా. స్టేషను దగ్గర అద్దె గదిలో కుట్టుమిషన్లు పెట్టుకొని, వాళ్ళ లంబాడా అద్దాల పని బ్లౌజులకూ సంచులకూ కుడుతుంది. డిజైన్లన్నీ కంప్యూటరులో గీసుకుంటుంది. అక్క నేర్పిందే. గీసే ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఊరికే వచ్చేదే. ఆమె డిజైన్లు ఆమె డబ్బాలోనే ఉంటాయి, ఎవరి సర్వరుకూ పోవు. రామ్ రామ్ చెప్పుకున్నాక, ఏమీ మాట్లాడకుండా కంప్యూటరు పెట్టమన్నాను. పెట్టింది.

దయచేసి వేచి ఉండండి.

పోయిన ఏడాది శాంతిబాయి అక్క కొడుకు వచ్చి, పాతదైపోయిందని అంతా కొత్తది చేసిపోయాడట. తప్పేం లేదు, చేయాల్సిందే. శాంతిబాయికి కూడా అందులో ఒకటి పోయింది. అక్క ఆమె కోసం, మూసేసే గుర్తు దగ్గర వాళ్ళ ఇంటి మాటలో 'జా' అని పెట్టింది. జా అంటే పో అని. పని అయిపోయాక ఆ గుర్తు నొక్కి, కంప్యూటరును పొమ్మనడం శాంతిబాయికి మహా సంతోషంగా ఉండేదట. మా మాటకు లిపి లేదంటరు, గీ డబ్బాల ఉండె గద అంది.

ఆ జా నేను మళ్ళీ పెట్టాను. ఇట్లాంటి సాఫ్ట్‌వేర్‌లో అదొక సుఖం, ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. శాంతిబాయి నొక్కి చూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ నొక్కింది. తర్వాత నా ముఖం చూసి, నీ మాట కూడా నువ్వే పెట్టుకోవచ్చు గద అని అడిగింది.

పెట్టుకోవచ్చు. ఆ సంగతి నాకు తెలియక కాదు. అయితే అది నేను కొట్టిన మాట అవుతుంది. నాకు కావాల్సింది అక్క వేళ్ళు కొట్టింది. ఇదంతా ఆమెకు చెప్పానో, లోపలే అనుకున్నానో గుర్తులేదు. ఆమె వేడి బాటి తెచ్చి నా పళ్ళెంలో వేసింది. బాటి అంటే వాళ్ళ జొన్నరొట్టె, మా రొట్టె కంటే మందం, తునగదు. తినేదాకా పక్కనే కూర్చుంది.

ఇక మిగిలింది కాటారమే.

భూపాలపల్లి

వరంగల్లు దాకా వెనక్కి వచ్చి, పరకాల మీదుగా భూపాలపల్లి. బొగ్గు ఊరు. లారీలు, నల్లటి రోడ్డు, ఆకుల మీద కూడా నలుపు. హోటల్లో ఇడ్లీ పెట్టేవాడు ముందు పళ్ళేన్ని నీళ్ళతో కడిగి, మన ముందే ఇంకోసారి తుడిచి ఇస్తాడు. మా దగ్గర ఇట్లా తుడిస్తే తప్పుపడతారు, ఇక్కడ తుడవకపోతే తప్పు. షిఫ్టు దిగి వచ్చిన ఒకాయన నా ఎదురుగా కూర్చొని, నా సంచిలోంచి బయటికొచ్చిన కొత్త డిస్కు డబ్బాను చూసి అదేంటని అడిగాడు. చెప్పాను. ఇంత చిన్నదాంట్ల అంత సామాను పడుతదా అని, తిప్పి తిప్పి చూసి ఇచ్చాడు. ఆ డబ్బా పట్టుకొని ఇన్ని ఊళ్ళు తిరిగేంత పిచ్చి నాకెందుకో మాత్రం ఆయన అడగలేదు.

ఊరు దాటాక అడవి మొదలైంది. బస్సు కిటికీలోంచి ఇప్పపువ్వు వాసన. చెట్ల కింద శుభ్రంగా ఊడ్చి, రాలిన పూలు ఏరుకుంటున్నారు. అక్కతో వచ్చినప్పుడు మానిటరు ఒళ్ళో పెట్టుకొని ఇదే దారిలో కూర్చున్నాం. గుంత వచ్చినప్పుడల్లా ఆమె చేయి మానిటరు మీద పడేది, నా మీద కాదు. అప్పుడు ఉడుక్కున్నాను. ఇప్పుడు ఆ చేయి ఎక్కడ పడినా చాలనిపించింది.

కాటారం

బస్సు దిగి, చాయ్ బండి దగ్గర సారక్క జిరాక్స్ షాపు ఎటు అని అడిగాను. షాపు పాత చోట లేదు. చాయ్ పోసేతను ఆలోచించాడు. ఏ సారక్క, ఈ ఊళ్ళ సారక్కలు శానమంది ఉన్నరు అన్నాడు. అర్జీలు కొడుతుంది, ముందర బెంచీ ఉంటుంది అని గుర్తులు చెప్పాను. అతని ముఖం వెలిగింది.

"జరాగుండ్రి కాడికా? గట్ల సీదా పోయి, వడ్ల గోదాము పక్కకు మలుగు."

ఏమన్నావు అని మళ్ళీ అడిగాను. జరాగుండ్రి షాపు అన్నాడు, అంత వింతేముందన్నట్టు. ఆ డబ్బా తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుందట. బెంచీ మీద కూర్చున్న జనం అంతసేపూ తెర మీద ఆ మాటే చూస్తూ ఉండేవారు. చదువొచ్చిన వాళ్ళు చదివితే, రాని వాళ్ళు విన్నారు. మెల్లగా షాపు పేరే అదైంది. జరాగుండ్రి కాడికి పోయస్త అంటే ఇక్కడ కుక్కను అడిగినా దారి చూపిస్తుంది. నేను ఆ చాయ్ బండి దగ్గరే నిలబడి, ఎవరు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. అతను కంగారుపడి చాయ్‌కి డబ్బులొద్దన్నాడు.

సారక్క కాళ్ళకు పెండ్లి పారాణి ఇంకా పోలేదు. బెంచీ నిండా జనం. ఒక బాపు పింఛను కాగితం పట్టుకొని, ఇద్దరాడవాళ్ళు పాసుబుక్కులతో, ఇంకా ఎవరెవరో. పెండ్లికని షాపు మూసినందుకు అందరి పనీ ఆగిపోయి ఉంది. పెన్‌డ్రైవు చేతిలో పట్టుకొని, పెట్టమన్నాను. సారక్క మీట నొక్కింది.

టిక్కు. టిక్కు. తెర నల్లబడింది. తెల్ల అక్షరాలు వచ్చాయి.

జర ఆగుండ్రి.

అక్క కొట్టినట్టే ఉంది. చివర చుక్క కూడా పెట్టింది, ఆమెకు చుక్క లేకుండా వాక్యం వదిలే అలవాటు లేదు. ఆ చుక్క సంగతి నేను మరిచేపోయాను. చూస్తూ కూర్చున్నాను. అది తెరుచుకుంటే పెన్‌డ్రైవు పెట్టాలి. తెరుచుకోలేదు. లోపల టిక్కు చప్పుడు ముందు తొందరగా, తర్వాత మెల్లగా, తర్వాత అసలే లేదు. డిస్కు పోయింది. మాట మాత్రం తెర మీద అట్లాగే నిలిచిపోయింది.

పోయిందాంట్లో జనాలవి ఏమైనా ఉన్నాయా అని సారక్కను అడిగాను. ఏమీ లేవంది. రోజూ సాయంత్రం తుడిచేస్తుంది, అక్క చెప్పినట్టు. అందులో పోయింది ఆ ఒక్క మాటే, అది కూడా నాదే. ఇక కరెంటు తీస్తే అదీ ఉండదు. బెంచీ మీద పింఛను బాపు ఎండ వంక చూసుకున్నాడు. సారక్క స్విచ్చు దగ్గర చేయి పెట్టింది.

"బంద్ జెయ్యనా అక్కా?"

"జర ఆగు," అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది. ఉప్పల్‌లో ఇన్నేళ్ళుండి, షాపుకొచ్చే వాళ్ళతో ఒక్క నిమిషం అండీ అనడం అలవాటైన నోరు నాది. ఆ జర దగ్గర కొంచెం సాగదీసి, ఆగు దగ్గర తెంపేసే తీరు నాది కాదు. సారక్క చేయి ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది.

"సునందక్క గిట్లనే అంటుండె," అంది.

ఇంకాసేపు చూసి, స్విచ్చు నేనే కట్టేశాను.

కొత్త డిస్కు బిగించి, కొత్త లినక్స్ వేసేసరికి మధ్యాహ్నం దాటింది. మధ్యలో సారక్క ఇంటి నుంచి చింతచిగురు పప్పు, అన్నం వచ్చాయి. బెంచీ మీది వాళ్ళకు కూడా పెట్టింది, మా దగ్గర కస్టమర్లకు చాయ్ ఇస్తేనే గొప్ప. అందరం తిని మళ్ళీ కూర్చున్నాం. మీట నొక్కాను. దయచేసి వేచి ఉండండి అని వచ్చి, మాయమై, కంప్యూటరు తెరుచుకుంది. సర్కారు పేజీ కూడా తెరుచుకుంది. సారక్కకు సంతోషమైంది గానీ బెంచీ మీది వాళ్ళు ఊరుకోలేదు. గిదేంది, ఎవలో ఆఫీసరు మాట్లాడినట్టున్నది, మన జరాగుండ్రి ఏది అన్నారు. షాపుకు ఆ పేరు పెట్టుకున్నది వాళ్ళు, అడిగే హక్కు వాళ్ళదే.

డోర్నకల్‌లో చేయనిది ఇక్కడ చేశాను. ఆ మాట రాసి ఉండే వరుస వెతికి తెరిచి, పాతది కొట్టేసి, అక్షరం అక్షరం కొట్టాను. చివర చుక్క పెట్టాను. మళ్ళీ మీట నొక్కాను. వచ్చింది, రెప్ప వేసేలోపు పోయింది. కొత్త డిస్కు మరీ చురుకు.

"ఆగుమన్నదేది?" అన్నాడు పింఛను బాపు. "కనవడనే లేదు."

నిజమే. ఆగమని చెప్పి ఆగనీయకపోతే ఎట్లా? కంప్యూటరు తొందరగా తెరుచుకోవడానికి మనుషులు ఎంతెంతో ఖర్చు పెడతారు, మా షాపు బతికేదే దాని మీద. నేను మాత్రం కాటారంలో కూర్చొని, మంచి కంప్యూటరును మెల్లగా నడిచేట్టు చేశాను. ఆ మాట వచ్చాక, బెంచీ మీద వాళ్ళు చదువుకొని, పక్కవాళ్ళకు జాగా ఇచ్చి సర్దుకొని కూర్చునేంత సేపు నిలబడాలని ఇంకో చిన్న వరుస చేర్చాను. అన్నీ మూసేసి అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఇట్లాంటి పనికిమాలిన పని చేయనిచ్చేవాళ్ళు కాదు. ఇందులో ఎవరూ వద్దనలేదు. బాపు చూసి, ఇప్పుడు మంచిగున్నది అన్నాడు. ఆయన పింఛను కాగితం మొదట తీశాం.

బయల్దేరేముందు, ఇంకొక్కసారి ఆపి, మళ్ళీ పెట్టి చూశాను. నల్ల తెర మీద తెల్లగా ఆ మాట, దాని వెనక నా ముఖం, చెవుల పక్కన నెరిసిన జుట్టు. అక్క పోయిన వయసును నేను పోయిన ఏడాదే దాటాను. ముసలితనాన్ని ఆగమంటున్నారా అని అడిగాడు ఆ పెద్దమనిషి. మా అక్క ఆగమంటే అది నిజంగానే ఆగింది, ఆమె దాకా రానే లేదు. నా దగ్గరికి మాత్రం వచ్చేసింది. ఇక మీదట ఏటేటా నేనే పెద్దదాన్నవుతూ పోతాను, మా అక్క చిన్నదిగానే ఉంటుంది.

బయట బస్సు హారన్ కొడుతోంది. ఇది పోతే మళ్ళీ సాయంత్రం దాకా లేదక్కా, తొందరగ లెవ్వు అంది సారక్క. మాట ఇంకా తెర మీదే ఉంది. అది పోయేదాకా ఆగాను.